76 బైట్లు

1986 అక్టోబర్ 1. బుధవారం. మాంచెస్టర్ యూనివర్సిటీ, కంప్యూటర్ సైన్స్ విభాగం. మధ్యాహ్నం 3.15.

అదే నిమిషానికి మందమర్రిలో రాత్రి 7.45. సింగరేణి రెండో షిఫ్టు వాళ్లు ఇంకా గనిలోనే ఉండే వేళ. ఈ రెండు ఊళ్లకూ ఒక చుట్టరికం ఉంది. మాంచెస్టర్ కిందా బొగ్గే. నగరానికి తూర్పున బ్రాడ్‌ఫర్డ్ గని 1968 దాకా నడిచింది. ఇప్పుడు మాంచెస్టర్ సిటీ జట్టు ఫుట్‌బాల్ ఆడే స్టేడియాన్ని ఆ గని జాగాలోనే కట్టారు. అయితే ఆ బుధవారం కూలింది బొగ్గు గని పైకప్పు కాదు.

మారియో వోల్చ్‌కో తన టెర్మినల్ ముందు కూర్చున్నాడు. పక్క సీటాయన కుర్చీలో వెనక్కి వాలి, మెయిల్ ఎందుకో పోవట్లేదన్నాడు. ఆ మెయిల్ ప్రోగ్రాము ఎంతటి తెలివైనవాణ్నయినా తికమక పెడుతుంది. కొత్తేం కాదు. మారియో తాపీగా లేచి వెళ్లి తెర వైపు వంగాడు. 147 నంబరు యూజరుకు ఫలానా ఫైలు అందట్లేదని ఏదో వింత మాట. ఎవరీ 147? పంపినవాడా? అందుకునేవాడా?

చేతికందే దూరంలో ఇంకో టెర్మినల్. అప్పటికే లాగిన్ అయి ఉంది. మారియో దాని మీదికి వాలి గ్రెప్ కొట్టాడు. పాస్‌వర్డ్ ఫైల్లో 147 ఎవరో వెతకమన్నాడు.

అలాంటి ఫైలే లేదంది మిషను.

ఆ ఫైల్లో ఉండేది ఆ కంప్యూటర్ వాడే ప్రతి మనిషి పేరూ నంబరూ. అది లేకుండా ఎవరూ లోపలికి రాలేరు. నిన్న ఉంది. పొద్దున ఉంది. మారియో వెన్ను నిటారుగా అయింది. సరే, ఆ ఫైలుండే ఈటీసీ డైరెక్టరీలో ఇంకా ఏమేం ఉన్నాయో చూద్దామని ఎల్‌ఎస్ కొట్టాడు. యూనిక్స్ ముందు కూర్చున్నవాడు రోజుకు ఎన్నిసార్లు కొడతాడో లెక్కలేని రెండక్షరాలవి. ఏమున్నాయో చూపించు, అంతే దాని పని.

ఎల్‌ఎస్ కూడా లేదు.

కాసేపు ఏమీ ముట్టుకోవద్దని పక్కాయనకు చెప్పాడు. సిస్టమ్ మేనేజర్ గదికి నడిచాడు. తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపలి సంగతి అర్థమవడానికి పది సెకన్లు పట్టలేదు. మేనేజర్ కుర్చీలో ముడుచుకుపోయి ఉన్నాడు. తల చేతుల్లో, చేతులు మోకాళ్ల మధ్యలో. పక్కన కొత్తగా చేరిన ప్రోగ్రామర్, తెర వైపు చూపు నిలిపి, ఏమీ చూడకుండా కూర్చున్నాడు. తెర పైభాగంలో రెండే రెండు వరుసలు.

మొదటిది సీడీ. రెండోది ఆర్‌ఎం -ఆర్‌ఎఫ్ *.

రెండు వరుసల ముందూ # గుర్తుంది. అంటే కొట్టినవాడు రూట్, యూనిక్స్‌లో దేనికీ అడ్డులేని యూజరు. వట్టి సీడీ కొడితే ఎవరి ఇంటి డైరెక్టరీకి వాళ్లు వెళ్తారు. మామూలు మనిషికి ఆ ఇల్లు యూజర్స్ కింద ఎక్కడో ఒక మూల. రూట్‌కు ఇల్లంటే డిస్క్ మొదలే, మొత్తం చెట్టుకు వేరు. ఆ తర్వాతి వరుస చెప్పేదేంటంటే, ఇక్కడ ఉన్న ప్రతిదాన్నీ చెరిపెయ్, దాని లోపల ఉన్నవాటినీ, వాటి లోపల ఉన్నవాటినీ, అట్టడుగు దాకా దిగి, ఎక్కడా ఆగకుండా, నన్నేమీ అడక్కుండా, చెరుపుకుంటూ పో. ఎవరి వేళ్లు కొట్టాయన్నది అనవసరం. అలాంటి వేళ్లు ప్రతి ఆఫీసులోనూ పది ఉంటాయి. ప్రోగ్రామర్ మధ్యలోనే తేరుకుని దాన్ని ఆపాడు.

ఎక్కడ ఆపాడు? ఏం మిగిలింది?

చూద్దామంటే చూసే కమాండే లేదు. ఎవరెవరు లాగిన్ అయ్యారో చెప్పే 'హూ' లేదు. ఏమేం నడుస్తున్నాయో చెప్పే 'పీఎస్' లేదు. ఒకటి తర్వాత ఒకటి కొట్టి చూశారు. అన్నింటికీ ఒకటే జవాబు. మారియో తన టెర్మినల్ దగ్గరికి తిరిగొచ్చాడు. ఒకే తెర మీద చాలా కిటికీలు తెరుచుకునే రకం అది. చెట్టు మొదట్లోకి వెళ్లి, ఎకో అని కొట్టి, పక్కన ఒక నక్షత్రం గుర్తు, *, పెట్టాడు.

ఎకో చేసేది చాలా చిన్న పని. ఇచ్చిన మాటను తిరిగి తెర మీద వేస్తుంది. ఆ * గుర్తును మాత్రం ఎకో చూడనే చూడదు. అంతకుముందే, మనం కొట్టిన కమాండును మొదట అందుకునే షెల్ దాన్ని లాక్కుని, ఆ డైరెక్టరీలో ఉన్న పేర్లన్నీ దాని స్థానంలో పరిచేస్తుంది. ఇక్కడ ఇంకో అదృష్టం కలిసొచ్చింది. ఎకో ప్రోగ్రాము కూడా, కమాండ్లుండే బిన్ డైరెక్టరీతో పాటే పోయింది, కానీ మారియో వాడుతున్నది డేవిడ్ కోర్న్ రాసిన షెల్, ఆ షెల్‌లో ఎకో దాని ఒంట్లోనే కలిసి ఉంది. షెల్ ఫైలు డిస్క్ మీద ఉన్నా లేకున్నా నడుస్తున్న షెల్‌కు ఢోకా లేదు. యూనిక్స్‌లో ఫైలు పేరు చెరిగిపోయినా, దాన్ని ఎవరో ఒకరు వాడుతున్నంత సేపు లోపలి సరుకు పోదు. గనిలో కరెంటు మొత్తం పోయినా నెత్తి మీది క్యాప్‌ల్యాంపు వెలుగుతున్నట్టు, ఆ ఒక్క కమాండు వెలుగుతోంది.

ఎల్‌ఎస్ పోతే షెల్ భాషలోనే ఇంకో ఎల్‌ఎస్ పుట్టింది. రెండు ముక్కల్లో. ఆ వెలుగులో పేర్లు తేలాయి.

బిన్ లేదు. డెవ్ లేదు. ఈటీసీ లేదు. లిబ్ లేదు.

పోయినవాటి మొదటి అక్షరాలు చూడండి. బీ, డీ, ఈ, ఎల్. * గుర్తును షెల్ ఇంగ్లిష్ అక్షరాల వరుసలో పరుస్తుంది. ఆర్‌ఎం కూడా ఆ వరుసలోనే మింగుకుంటూ వచ్చింది. ప్రోగ్రామర్ దాన్ని ఆపేసరికి న్యూస్ అనే డైరెక్టరీ లోపల ఎక్కడో ఉంది. ఎన్ దాకా వచ్చి ఆగిందన్నమాట. అక్కడ మందమర్రి పేరుతో ఒక డైరెక్టరీ ఉండుంటే ఎం కింద పోయి ఉండేదే. టీతో మొదలయ్యే టెంప్, యూతో మొదలయ్యే యూఎస్‌ఆర్, యూజర్స్ మాత్రం చెక్కుచెదరలేదు. యూజర్స్‌లో పీహెచ్‌డీ థీసిస్‌లు ఉన్నాయి. చివరి అధ్యాయాల్లో తలమునకలుగా ఉన్న పిల్లల రాతలు.

వాటి బ్యాకప్ వారానికోసారి తీస్తారు. ప్రతి గురువారం. ఆ రోజు బుధవారం.

మేనేజర్ టేపుల బీరువా వైపు పరుగెత్తాడు. రూట్ డిస్క్‌కు తీసిన టేపు ఒకటి దొరికింది. నాలుగు వారాల కిందటిది. పర్లేదు, నాలుగు వారాల్లో ఎల్‌ఎస్ ఏం మారుతుంది! టేపు చేతిలో ఉంది. టేపు డ్రైవు గదిలో ఉంది. టేపులోంచి ఫైళ్లు దింపే 'రిస్టోర్' మాత్రం ఈటీసీలో ఉండేది. పోయింది. టేపు డ్రైవును యూనిక్స్ డెవ్ కింద ఒక ఫైలుగా చూస్తుంది. ఆ ఫైలూ పోయింది. పోతే పోనీ, కొత్తది చేసుకుందామంటే దానికి 'ఎంకేనోడ్' కావాలి. అదెక్కడుంటుంది? ఈటీసీలోనే.

పక్కనే ఈథర్‌నెట్ తీగకు అవతలి కొసన ఇలాంటిదే ఇంకో వ్యాక్స్ మిషను ఉంది. నిక్షేపంగా ఉంది. దాన్లోంచి తెచ్చుకుంటే? మూటగట్టే 'టార్' బిన్‌లో ఉండేది. తీగ మీదుగా ఫైళ్లు లాగే 'ఆర్‌సీపీ'ని బర్క్‌లీ వాళ్లు తమ యూనిక్స్ 4.3 వెర్షన్‌లో తీసుకెళ్లి బిన్‌లోనే పెట్టారు. అవి ఉన్నా ప్రయోజనం లేదు, ఎందుకంటే ఏ మిషను ఏ అడ్రసులో ఉందో చెప్పే 'హోస్ట్స్' ఫైలు కూడా ఈటీసీలోదే. తట్టిన ప్రతి తలుపు వెనకా మళ్లీ అదే రెండు గదులు, బిన్, ఈటీసీ.

మిషన్ని ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే?

అందరి చేతులూ ముందు దాని మీదికే పోతాయి. ఆపి ఉంటే కథ అక్కడితో ముగిసేది. యూనిక్స్ లేచేటప్పుడు మొదట నడిచే ప్రోగ్రాము 'ఇనిట్'. అది ఈటీసీలో ఉండేది. ఆ తర్వాత కావాల్సిన షెల్ బిన్‌లో ఉండేది. ఆపితే మళ్లీ లేవదు. బూట్ టేపు పెట్టి మొదట్నుంచీ ఎక్కిద్దామా అంటే, ఆ పని అక్కడున్నవాళ్లు ఎప్పుడూ చేయలేదు. మొదటి అడుగులోనే డిస్క్ మొత్తం ఫార్మాట్ అయిపోతే థీసిస్‌ల్లో వారం రాత గంగలో కలుస్తుంది. చేయి వెనక్కి తీసుకున్నారు. సగం చచ్చిన మిషను అలా నడుస్తూనే ఉంది.

అయితే యూఎస్‌ఆర్‌లో కొన్ని కమాండ్లు మిగిలాయి. అవి అక్కడ ఎందుకున్నాయన్నదానికి వెనక ఒక పాత ఇబ్బంది ఉంది. 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ కడుతున్నప్పుడు వాళ్ల పీడీపీ-11 కంప్యూటర్ డిస్క్ నిండిపోయింది. మిగతా కమాండ్లను రెండో డిస్క్‌లో సర్దారు. యూజర్ల ఫైళ్లు పెట్టుకునే డిస్క్ అది. అందుకే యూఎస్‌ఆర్ అన్న పేరు. మిషను లేవడానికి కావాల్సినవి బిన్‌లో, మిగతావి యూఎస్‌ఆర్ బిన్‌లో. అప్పటి జాగా కరువు పదిహేనేళ్ల తర్వాత మాంచెస్టర్‌ను కాచింది. గ్రెప్ యూఎస్‌ఆర్‌లోనే ఉంది. ఎఫ్‌టీపీ అక్కడే ఉంది. ఎఫ్‌టీపీ ఉంటే పక్క వ్యాక్స్ నుంచి ఏదైనా తెచ్చుకోవచ్చు. దానికి ఈటీసీ కింద నాలుగైదు చిన్న ఫైళ్లు చాలు. వాటిని రాయడానికి ఎడిటర్ కావాలి.

మారియో తెర మీద ఒక మూల కిటికీలో గ్నూ ఈమాక్స్ తెరిచే ఉంది.

ఇక రాయడమే. ఎక్కడ? ఈటీసీ అనే డైరెక్టరీయే లేదు. డైరెక్టరీ పుట్టించే 'ఎంకేడీఐఆర్' బిన్‌లో పోయింది. ఉన్న టెంప్‌కే ఈటీసీ అని పేరు మారుద్దామంటే 'ఎంవీ' పోయింది. చిన్న ప్రోగ్రాము రాసి చేద్దామంటే సీ కంపైలరూ, అసెంబ్లరూ, లింకరూ ఏవీ మిగల్లేదు. ఒక్క ఖాళీ డైరెక్టరీ. అంతకుమించి అక్కర్లేదు. అదొక్కటే ఎవరి వల్లా కావట్లేదు.

అప్పుడు ఐదో మనిషి లోపలికొచ్చాడు.

విభాగంలో యూనిక్స్ గురించి ఏ సందేహమొచ్చినా అందరూ పోయేది ఆయన దగ్గరికే. పైగా వ్యాక్స్ అసెంబ్లీ తెలిసినవాడు. పథకం తయారైంది. పక్క వ్యాక్స్ మీద అసెంబ్లీలో బుల్లి ప్రోగ్రాము రాయాలి. ఈటీసీని పుట్టించడమే దాని పని. అక్కడే దాన్ని మిషను భాషలోకి మార్చి, ఆ బైట్లను అంకెలుగా రాసుకుని, వాటిని ఈ చితికిపోయిన మిషన్లో ఈమాక్స్‌తో చేత్తో కొట్టి, మళ్లీ బైట్లుగా మార్చి, నడపాలి. నడపడానికి రూట్ అధికారం కావాలి. కొత్తగా రూట్ అవుదామంటే 'ఎస్‌యూ' బిన్‌తో పోయింది. కానీ ఘోరం జరిగిన ఆ టెర్మినల్ ఇంకా రూట్ గానే వెలుగుతోంది. ఎవరూ దాన్ని లాగౌట్ చేయలేదు. దాన్ని ఎవరైనా అలవాటుగా మూసి ఉంటే?

గంట పట్టింది. అసెంబ్లీలో పన్నెండు వరుసలు, అటూ ఇటుగా. తయారైన ప్రోగ్రాము బరువు 76 బైట్లు.

ఆ 76లో మొదటి 32 తలకట్టు. తర్వాత వచ్చే సరుకు ఎంతో చెప్పడం దాని పని. పదహారు అంకెల లెక్కలో (హెక్సాడెసిమల్) 2సీ అని ఉంటుంది, అంటే 44. ఆ 44 బైట్లలోకి దిగితే, ఎఫ్‌ఎఫ్ 01 అనే జంట కనిపిస్తుంది. వ్యాక్స్ సంఖ్యను తోక నుంచి తలకు రాస్తుంది. తిప్పి చదివితే యూనిక్స్‌లో 0777, అందరికీ అన్ని అనుమతులూ. అట్టడుగున చివరి ఐదు బైట్లు 2ఎఫ్, 65, 74, 63, 00. మొదటిది గీత, తర్వాతి మూడూ ఈ, టీ, సీ, చివరి సున్నా మాట అయిపోయిందనడానికి. మధ్యలో బీసీ 8ఎఫ్ 88 00. ఇదీ గుండెకాయ. బీసీ అంటే యూనిక్స్‌లో అసలు పనులు చేసే కర్నెల్‌లోకి దూకమని వ్యాక్స్‌కు ఆజ్ఞ. 88ని మామూలు లెక్కలోకి మారిస్తే 136. డైరెక్టరీ పుట్టించమని కర్నెల్‌కు పెట్టుకునే అర్జీ నంబరు అది.

ఎంకేడీఐఆర్ అని అందరూ రోజూ కొట్టే కమాండు లోపల ఉన్నదీ ఇంతే. పేరు తీసుకోవడం, 136 నంబరు అర్జీ పెట్టడం, కుదరకపోతే ఎందుకు కుదరలేదో చెప్పడం. పని చేసేది కర్నెల్. ఆర్‌ఎం మింగింది అర్జీ మోసే జవాన్లను. అర్జీ తీసుకునే కుర్చీ మెమరీలో చెక్కుచెదరకుండా కూర్చుని ఉంది.

మారియో అంకెలు కొట్టడం మొదలుపెట్టాడు. బైటుకు రెండు చొప్పున 152 అక్షరాలు. ఒక్కటి తప్పితే ఏమవుతుందో ఎవరికీ తెలియదు, అదీ రూట్ అధికారంతో.

ఈ యూనివర్సిటీకి ఈ పని కొత్తది కాదు. 1948 జూన్ 21న ఇక్కడే 'బేబీ' అనే మిషను, తన మెమరీలోనే ప్రోగ్రామును దాచుకుని నడిపిన తొలి కంప్యూటరుగా, 52 నిమిషాలు తిరిగి జవాబు చెప్పింది. టామ్ కిల్‌బర్న్ రాసిన ఆ ప్రోగ్రాములో 17 ఆజ్ఞలు. ఎడిటర్ లేదు, కీబోర్డు లేదు. మీటలు నొక్కుతూ ఒక్కో బిట్టూ లోపలికి ఎక్కించారు. ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత అదే యూనివర్సిటీలో మళ్లీ బైట్లను చేత్తో ఎక్కిస్తున్నారు.

కొట్టడం అయింది. అంకెల్ని బైట్లుగా మార్చే చిన్న ప్రోగ్రాము మారియో దగ్గర ఎప్పట్నుంచో ఉంది. మార్చాడు. యూఎస్‌ఆర్ బిన్‌లో మిగిలిన 'సమ్'తో లెక్క సరిచూశాడు. పక్క వ్యాక్స్ మీద ఉన్న అసలుదాని లెక్కతో అచ్చంగా సరిపోయింది. ఊపిరి పీల్చుకునేలోపు ఇంకో గోడ. ఫైలు ఉన్నంత మాత్రాన నడవదు. దానికి నడిచే అనుమతి ఇవ్వాలి. ఇచ్చేది 'సీహెచ్‌మాడ్'.

అదీ బిన్‌లో ఉండేదే.

కొన్ని నిమిషాల మౌనం. తర్వాత ఎవరికో తట్టింది. అనుమతి ఇవ్వలేకపోతే, అనుమతి ఉన్న ఫైల్లోకే దూరాలి. మారియో సొంత ప్రోగ్రాముల్లో ఒకటి తీసుకుని, దాని కడుపులో ఉన్నది తీసేసి, ఈ 76 బైట్లు పోశారు. పైన పేరూ అనుమతీ పాతవే. లోపల సరుకు కొత్తది.

అందరూ రూట్ టెర్మినల్ దగ్గరికి నడిచారు. అనుమతుల్ని కత్తిరించే 'యూమాస్క్'ను సున్నా చేయాలని గుర్తు తెచ్చుకున్నారు. చేయకపోతే ఈటీసీ పుట్టినా మారియో ఎడిటర్ దాన్లో రాయలేదు. అదృష్టం, అది షెల్ లోపలి కమాండు. సున్నా చేశారు. ప్రోగ్రాము పేరు కొట్టారు. ఎంటర్.

తెర మీద ఏమీ రాలేదు.

యూనిక్స్‌లో పని సవ్యంగా అయితే ఏమీ రాదు. ఈటీసీ పుట్టింది.

ఆ తర్వాతిదంతా దిగువకు నడక. ఈమాక్స్‌తో పాస్‌వర్డ్ ఫైలు రాశారు. హోస్ట్స్, సర్వీసెస్, ప్రోటోకాల్స్ రాశారు. ఎఫ్‌టీపీ కళ్లు తెరిచింది. పక్క వ్యాక్స్ నుంచి బిన్ మొత్తం తీగ మీదుగా నడిచొచ్చింది. కొన్ని గంటలకే ఎల్‌ఎస్ మీద అంత బెంగ పెట్టుకోవచ్చని వాళ్లకు ఆ రోజే తెలిసింది. వెంటనే టేపు దింపే ప్రోగ్రామును లాక్కొచ్చి, నాలుగు వారాల కిందటి టేపులోంచి డెవ్‌ను దింపారు. థీసిస్‌లు ఒక్క అక్షరం పోలేదు. జరిగిందంతా మారియో తర్వాత రాసి పెట్టాడు, 76 బైట్లతో సహా. మళ్లీ ఎవరికైనా అవసరం పడొచ్చని.

అవసరం పడినవాళ్ల చేతికి అంతకంటే సులువైన దారి 14 నెలల్లో వచ్చింది. 1987 డిసెంబర్ 18న లారీ వాల్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ పెర్ల్ భాషను బయటపెట్టాడు. సీహెచ్‌మాడ్ చేసేది, ఎంవీ చేసేది, ఆర్‌ఎం చేసేది, క్రమంగా ఎంకేడీఐఆర్ చేసేది కూడా పెర్ల్ ఒంట్లోనే చేరాయి. బయటి కమాండును పిలవదు. నేరుగా కర్నెల్‌కే అర్జీ పెడుతుంది. మాంచెస్టర్‌లో యూఎస్‌ఆర్ కింద ఎక్కడైనా పెర్ల్ ఉండుంటే ఆ సాయంత్రం గంటసేపటి అసెంబ్లీ ఒక్క వరుసలో తేలేది. ఎంకేడీఐఆర్, కొటేషన్లలో /ఈటీసీ, చివర సెమీకోలన్.

అలాంటప్పుడు కమాండ్లన్నీ పెర్ల్‌లోనే ఎందుకు రాయకూడదు?

1999లో టామ్ క్రిస్టియన్సెన్ ఆ పనికి పిలుపిచ్చాడు. ఏడాది ముందే 'పెర్ల్ కుక్‌బుక్' రాసినవాళ్లలో ఒకడు. పథకం పేరు పెర్ల్ పవర్ టూల్స్, ఇంకో పేరు యూనిక్స్ పునర్నిర్మాణం. యూనిక్స్ పాత కమాండ్లను ఒక్కోటీ పచ్చి పెర్ల్‌లో మళ్లీ కట్టాలి. చాటుగా అసలు కమాండును పిలిచి పని జరిపించుకుంటే ఒప్పుకోరు. సరదాగా చేద్దాం రండన్నాడు. సరదా వెనక అవసరమూ ఉంది. అప్పటి విండోస్ మిషను ముందు కూర్చున్న యూనిక్స్ మనిషికి గ్రెప్ లేదు, టెయిల్ లేదు. పెర్ల్ ఒక్కటి ఎక్కించుకుంటే, ఈ మూటతో అవన్నీ వెంట వస్తాయి. ఎక్కడెక్కడివాళ్లో తలా ఒకటి రాసి పంపడం మొదలుపెట్టారు.

క్యాట్ తేలిక. ఫైలు చదువు, తెర మీద పోయ్. 'ట్రూ' మరీ తేలిక. ఏమీ చేయకుండా సరేనని వెళ్లిపోవడమే దాని ఉద్యోగం. చిక్కంతా ఎల్‌ఎస్ లాంటివాటితో వచ్చింది. పేర్లు చూపించడానికి పెర్ల్‌లో నాలుగు వరుసలు చాలు. కానీ అసలు ఎల్‌ఎస్ తెర వెడల్పు చూసుకుని పేర్లను నిలువు వరుసల్లో పేరుస్తుంది, అనుమతుల్ని పది అక్షరాల్లోకి కుదిస్తుంది, యూజరు నంబరును పేరుగా మారుస్తుంది, ఫైలు ఈమధ్యదైతే గంటా నిమిషమూ చూపించి ఆరు నెలలు దాటినదైతే వాటి బదులు సంవత్సరం చూపిస్తుంది. ఈ ఆరు నెలల సంగతి ఏళ్ల తరబడి ఎల్‌ఎస్ కొట్టినవాళ్లలో కూడా చాలామంది గమనించి ఉండరు. తీసేస్తే మాత్రం ఎవరో రాసిన పాత స్క్రిప్టు ఎక్కడో విరుగుతుంది. ఫైల్లోని వరుసల్ని క్రమంలో పేర్చే సార్ట్ సంగతీ అంతే. పెర్ల్‌కు సొంత సార్ట్ ఉంది, కానీ అది ముందు అన్ని వరుసల్నీ మెమరీలోకి లాక్కుంటుంది. యూనిక్స్ సార్ట్ మెమరీలో పట్టనంత పెద్ద ఫైలొస్తే ముక్కలు చేసి, విడివిడిగా పేర్చి, డిస్క్ మీద దాచి, మళ్లీ కలుపుతుంది. ఒక్క మాటలో చెప్పే పని వెనక ఇరవై, ముప్పై ఏళ్ల సర్దుబాట్లు.

కొన్నేళ్లకు ఆ ఊపు తగ్గింది. కేసీ వెస్ట్ ఆ మూటను పెర్ల్ భాండాగారమైన సీప్యాన్‌లోకి ఎక్కించాడు. తర్వాత బ్రయన్ డి ఫాయ్ చేతికొచ్చింది. ఇప్పటికీ అక్కడుంది, మరమ్మతులు జరుగుతూనే ఉన్నాయి. జాబితాలో ఆర్‌ఎం కూడా ఉంది. -ఆర్ ఉంది, -ఎఫ్ ఉంది.

లైనక్స్‌లో ఇప్పటి ఆర్‌ఎం కొంచెం జాగ్రత్త నేర్చింది. చెట్టు మొదలును, ఆ ఒక్క గీతను, చెరపమంటే మాట వినదు. కానీ మాంచెస్టర్‌లో కొట్టింది గీత కాదు, నక్షత్రం గుర్తు. దాన్ని షెల్ ముందే విప్పి బిన్, డెవ్, ఈటీసీ అని పేర్లుగా అందిస్తుంది. ఆర్‌ఎంకు ఆ పేర్లే కనిపిస్తాయి, గీత కనిపించదు. ఇప్పుడు కొట్టినా చెరుగుతుంది.

పైగా 1986లో ఉన్న అదృష్టాలు రెండు ఇప్పుడు లేవు. అప్పుడు ప్రతి ప్రోగ్రామూ తనకు కావాల్సినదంతా తన కడుపులోనే మోసుకునేది. లిబ్ పోయినా యూఎస్‌ఆర్‌లోని గ్రెప్ నడిచింది అందుకే. ఇప్పటి లైనక్స్‌లో దాదాపు ప్రతి కమాండూ లిబ్‌లోని ఉమ్మడి సరుకు మీద బతుకుతుంది. అది పోతే గ్రెప్ లేవదు, పెర్ల్ లేవదు, పైథాన్ లేవదు. చాలా లైనక్సుల్లో బిన్, యూఎస్‌ఆర్ బిన్ కూడా ఒకటైపోయాయి, పోతే కలిసే పోతాయి. మందమర్రి నుంచి హైదరాబాద్ పోయి రాత్రి షిఫ్టులో సర్వర్లు చూసే కుర్రాడికి అలాంటి రాత్రి ఎదురైతే, చేతిలో మిగిలేది అప్పటికే నడుస్తున్న బ్యాష్ షెల్ ఒక్కటే. దాని ఒంట్లో ఎకో ఉంది, నక్షత్రం గుర్తుంది, కాబట్టి ఎల్‌ఎస్ దొరుకుతుంది. 'రీడ్' ఉంది, దాన్ని తిప్పుతూ ఉంటే క్యాట్ దొరుకుతుంది. ఎంకేడీఐఆర్ మామూలుగా ఉండదు.

'ప్రింట్‌ఎఫ్' ఉంటుంది. దాంతో ఏ బైటు కావాలంటే ఆ బైటు ఫైల్లోకి రాయొచ్చు. సీహెచ్‌మాడ్ ఉండదు కాబట్టి, నడిచే అనుమతి ఉన్న పాత ప్రోగ్రాము ఒకటి వెతుక్కుని దాని కడుపులోకే రాయాలి. 64 బిట్ల ఇంటెల్ లైనక్స్‌లో అర్జీ నంబరు 136 కాదు, 83.